పిల్లకన్నా నెమ్మదైన కుక్క

టెక్కలి బస్టాండు పక్కన సెలూన్లో నా వంతు కోసం కూర్చుని ఆదివారం పేపరు తిరగేస్తుంటే, పిల్లలున్న ఇంట్లో కుక్కను పెంచడం వల్ల కలిగే లాభాల గురించి ఒక పేజీ కనపడింది. కుక్క ఉంటే పిల్లలకి బాధ్యత తెలుస్తుందట. ఒంటరితనం పోతుందట. దానితో పరిగెత్తి ఆడతారు కాబట్టి ఒళ్ళు గట్టిపడుతుందట. పక్కనే ఫొటో. తెల్లటి బొచ్చుకుక్క ఒకటి, దాని మెడ చుట్టూ చేతులేసిన పిల్లాడొకడు. ఇద్దరూ తలంటు పోసుకుని ఉన్నారు.

రాసినాయన మంచివాడే అయి ఉంటాడు. కానీ మా ఉద్దానం వైపు మనిషి కాదు. అసలు లాభం వదిలేశాడు. దాన్ని మా తాత ఒక్క ముక్కలో చెప్పేవాడు.

"ఎలుగు ముందు కుక్కని పట్టుకుంటాది. ఈలోగా పిల్లలు ఇంటికొచ్చెత్తారు."

తాత కిందటి నెలలో పోయాడు. అమ్మకి నాన్న. పేపరు మడిచి పక్కనున్నాయనకి ఇచ్చేశాను గానీ, గెడ్డం గీయించుకుంటున్నంతసేపూ నవ్వొస్తూనే ఉంది. కత్తి గొంతు మీదున్నప్పుడు నవ్వొద్దు బాబూ, నీకు పోయేదేటీ లేదు, నా షాపుకి పేరు పోతాది, అన్నాడు షాపాయన. ఆయన మాట తాతకి నచ్చేది.

మేముండేది పలాసలో. నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా. అమ్మ పుట్టిల్లు వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం హోరు వినపడేంత దూరంలో. ఊరి చుట్టూ కొబ్బరి, కొబ్బరి వెనక జీడి, మధ్యమధ్య పనస. వేసవి సెలవులివ్వగానే నన్ను అక్కడికి పంపేసి, పిల్లాడు తాతగారింట్లో హాయిగా ఉన్నాడని నాన్న అందరికీ చెప్పుకునేవాడు. ఆ హాయి ఏమిటంటే, వెలుగు రేకలు రాకముందే లేచి, గంప పట్టుకుని, తాత తోటలో రాలిపడిన జీడిపిక్కలు ఏరడం. పండు నుంచి పిక్క మెలితిప్పి తీసి గంపలో వెయ్యాలి. పండురసం బట్టలకి పట్టిందంటే ఆ మరక చొక్కా చిరిగిపోయినా పోదు. నా చిన్నప్పటి ఫొటోలన్నిటిలో నేనెవర్నో పొడిచొచ్చినట్టు ఉంటాను.

ఆ పండ్ల కోసం ఎలుగుబంట్లు కూడా వచ్చేవి. "అది పండు తిని పిక్క ఒదిలెత్తాది. మనం పిక్క తీసుకుని పండు ఒదిలెత్తాం. ఇలాటి పొత్తు అన్నదమ్ముల మజ్జినా ఉండదు" అనేవాడు తాత. పొత్తు చెడేది ఒక్కచోటే. ఇద్దరూ ఒకే చెట్టు కిందికి ఒకేసారి వచ్చినప్పుడు. ఎలుగుబంటి మనిషిని తినదు. మొహం పీకి వదిలేసి, తన దారిన తను పండ్లు తినడానికి పోతుంది. తినేసినా బాగుండునని మా వైపు అనుకుంటారు.

తాత ఎవర్ని చూసినా మొహం కన్నా ముందు కాళ్ళు చూసేవాడు. చూసి, ఎలుగొస్తే ఈ మనిషి ఎంతదూరం పోగలడో మనసులో కొలుచుకునేవాడు. అక్కడితో ఆగినా బాగుండేది, పైకి చెప్పేవాడు. ఒకసారి మండలాఫీసు నుంచి కొంచెం భారీ మనిషి ఏదో సర్వేకి వచ్చాడు. తాత కొబ్బరిబొండాం కొట్టిచ్చి, ఆయన తాగుతుండగా ఆప్యాయంగా అన్నాడు: "బాబుగారూ, మీరు రోజూ మాతో తోటకొత్తే ఊరంతా బతికిపోద్ది." ఆయన అది మర్యాద అనుకుని, మళ్ళీ వస్తానన్నాడు.

మా పిన్నికి పెళ్ళిచూపులైనప్పుడు పిల్లని నడవమని వాళ్ళు అడగకముందే, పెళ్ళికొడుకుని వీధి చివరిదాకా నడిచి రమ్మన్నాడట. వాడు కొత్త చెప్పులతో నడిచొచ్చాడు. "పరవానేదు. పిల్లల్ని కనేదాకా బతుకుతాడు" అన్నాడు తాత. ఆ సంబంధం కుదిరింది. మా బాబాయి ఇప్పటికీ మా వైపు వస్తే కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు.

ఇలాంటి మనిషికి దేవుడు ఏరికోరి నీలుని ఇచ్చాడు.

నీలు మా మావయ్య కూతురు. నాకన్నా ఏడాది చిన్నది. పోలియో వచ్చి ఎడంకాలు సన్నబడిపోయింది. ఆ కాలి మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒళ్ళంతా ఒక పక్కకి ఎత్తి, ఒక్కో అడుగూ పడేసినట్టు నడిచేది. దాన్ని చూసి ఊళ్ళో ఆడవాళ్ళు నాలుక చప్పరించేవారు. తాత చప్పరించేవాడు కాదు. ఇంట్లో ఉంచేస్తానని అత్త అంటే, "ఇంట్లో కూకుంటే కాలు మొలుత్తాదేటి? పోనాది కాలే గదా, సేతులకేటైనాది?" అని తోటకి తోలేవాడు. నిజానికి మా అందరికన్నా బాగా ఏరేది నీలే. మేం వంగి, నడుం పట్టుకుని, మళ్ళీ వంగి ఏరేవాళ్ళం. అది చెట్టు కింద చతికిలబడి, కూర్చునే జరుగుతూ, చీపురు పెట్టినట్టు ఊడ్చేసేది. తిరిగొచ్చేటప్పుడే కష్టం. మేం ఇల్లు చేరి చద్దన్నం తినేస్తుంటే అది ఇంకా కొబ్బరిచెట్ల మధ్య కదులుతూ కనిపించేది. అదిగో, అదే తాత భయం. ఎలుగొచ్చిన రోజున ఆఖర్న ఉండేది ఆ పిల్లే.

అందుకే కుక్క కావలసొచ్చింది. అయితే ఏ కుక్కయినా పనికిరాదు.

ఊళ్ళో అందరూ చురుకైన కుక్కని మెచ్చుకునేవారు. తాతకి అలాంటి కుక్కని చూస్తే ఒళ్ళు మండేది. "ఉషారు కుక్క ఏటి సేత్తాది? ఎలుగుని సూత్తాది, మొరుగుతాది, మీదికెల్తాది. ఎలుగు లేచి నిలబడ్డాక దానికి యజమాని గుర్తొత్తాడు. తిరిగి పరిగెత్తుకొచ్చి ఆడి కాళ్ళ మజ్జిన దూరుద్ది. ఎనకాలే ఎలుగు. అడ్రసు తెలవని సుట్టాన్ని ఇంటికి తోడుకొచ్చినట్టన్నమాట." పక్క ఊళ్ళో ఒకాయన చెయ్యి అలాగే పోయింది. కాబట్టి కుక్క ముందు పోగలిగేది కాకూడదు, వెనక్కి రాగలిగేది అసలు కాకూడదు. ఎలుగు కనపడ్డప్పుడు ఉన్నచోటే ఉండిపోవాలి. ఒక్క మాటలో చెప్పాలంటే నీలుకన్నా నెమ్మదైన కుక్క కావాలి.

దానికోసం ఆయన నీలుని వెంటబెట్టుకుని కోటబొమ్మాళి సంతకి పోయాడు. నేనూ పోయాను, జీళ్ళు కొనిపెడతానన్నాడని. సంతలో ఎద్దుల్ని బేరమాడేవాళ్ళు వాటిని నడిపించి నడక చూస్తున్నారు. తాత కూడా నడకే చూశాడు, నడక బాగుంటే వద్దన్నాడు. సంతలో ఊరకుక్కలకి కొదవేముంది. ఒక్కోదానికి జంతిక ముక్క చూపించి నడిపిస్తూ, దాని పక్కన నీలుని నడవమన్నాడు.

"నడవే గుంటా. ఇంకాసింత. ఊఁ, ఇది పనికిరాదు. నీకన్నా నయం."

జనం పోగయ్యారు. గాజులమ్ముకునే ఆవిడ "ఏటయ్యా ముసిలోడా, ఆడపిల్లని నలుగురిలో పెట్టి అలగ కుక్కలతో నడిపిత్తన్నావు, సిగ్గునేదా?" అని అరిచింది.

"నేదమ్మా. సిగ్గున్నోళ్ళ పిల్లలకి కాళ్ళుండాల" అన్నాడు తాత.

నీలు ఏడుస్తుందనుకున్నాను. అది మెడ సాచి చూస్తోంది. "తాతా, ఆ టీబడ్డీ కింద పసుపుది సూడు. అది నాకన్నా అన్నాయం" అంది. నిజమే. హైవే మీద దేనికిందో పడినట్టుంది, వెనక కాలు విరిగి అడ్డదిడ్డంగా అతుక్కుని, నేలకి ఆనకుండా వేలాడుతోంది. జంతిక కోసం లేచి మూడడుగులు వేసేలోపు జంతికని కాకి ఎత్తుకుపోయింది. తాత మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ముగ్గురం జీళ్ళు తిన్నాం. కుక్కకీ పెట్టాడు. బలిస్తే ఇంకా నెమ్మదవుతుందని.

దానికి పేరు పెట్టొద్దన్నాడు. "పేరెడితే రేపు దాన్ని ఎలుగు పీకినప్పుడు పేరెట్టి ఏడుత్తారు. మామూలుగా ఏడిత్తే సాలు." అందుకని అందరూ 'కుంటి' అనేవారు. చిక్కేమిటంటే ఊళ్ళో పిల్లలు నీలునీ అదే అనేవారు. వీధిలో ఎవడైనా "ఏయ్ కుంటీ" అంటే కుక్కా తిరిగి చూసేది, నీలూ తిరిగి చూసేది. "నన్నా, దాన్నా? సరిగ్గా సెప్పు. ఇద్దరం రావాలంటే సాలా సేపు పడతాది" అనేది నీలు. కొన్నాళ్ళకి వెక్కిరించడం మానేశారు. వెక్కిరింపుకి ఎదుటివాళ్ళు కాస్త సాయపడాలి, నీలు పడేది కాదు.

ఇక పేపర్లో రాసిన లాభాలన్నీ మా ఇంట్లో జరిగాయి. నీలుకి బాధ్యత తెలిసింది. తన కంచంలో చేపముక్క తీసి దానికి పెట్టడం, దాని ఒంటిమీది గోమార్లు ఏరడం, వర్షమొస్తే చూరు కిందికి లాగడం. ఒంటరితనమూ పోయింది. తోట నుంచి వెనకబడి వచ్చేటప్పుడు ఇదివరకు ఒక్కతే కనపడేది, ఇప్పుడు రెండు తలలు ఒకేలా ఎగిరెగిరి పడుతూ కనపడేవి. అరుగు మీద నిలబడి తాత రోజూ చూసేవాడు. కుక్క నీలుకన్నా నాలుగడుగులు వెనకుంటే, తృప్తిగా లోపలికెళ్ళి కాఫీ అడిగేవాడు.

మూడో లాభం దగ్గరే కథ చెడింది. పరిగెత్తి ఆడడం.

మరుసటి ఏడాది సెలవులకి నేను బస్సు దిగేసరికి ఊరి మొగలో ఏదో పసుపుపచ్చగా దూసుకొచ్చి నా మీద పడింది. గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. మా కుంటి కుక్కే. కాలు వంకర పోలేదు గానీ, ఆ వంకరతోనే నేల తన్ని ఎగురుతోంది. మందస వైపు ఒక నాటువైద్యుడు నీలు కాలికని ఇచ్చిన నూనె ఉండేది. బాగా ఎండబెట్టిన చేపని ఆముదంలో మరిగించినట్టు కంపు. అత్త ఏళ్ళ తరబడి దాన్ని నీలు కాలికి రాసింది. నీలు కాలికి ఏమీ కాలేదు, ఇంట్లో చుట్టాలు మాత్రం తగ్గారు. కిందటి ఏడాది నుంచి 'నేనే రాసుకుంటానమ్మా' అని సీసా తీసుకుని, కొబ్బరిపీచు కుప్ప వెనక కూర్చుని, నీలు దాన్ని కుక్క కాలికి రాస్తోంది. నూనె పనిచేసిందో, రోజూ పట్టి సాగదీసిన చేతులు పనిచేశాయో వైద్యులే చెప్పాలి. నీలు వెంట ఉన్నంతసేపూ అది నీలు వెనకే నెమ్మదిగా నడిచేది కాబట్టి, తాతకి మాత్రం నేనొచ్చిన రోజే తెలిసింది. కుక్క నన్ను దాటి, ఇంటికి పరిగెత్తి, నేను వచ్చానని చెప్పి, మళ్ళీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అరుగు మీద తాత మొహం, తన ఇల్లు తగలబడుతుంటే చూసే మనిషి మొహంలా ఉంది.

"నీ కాలుకి రాయమన్న నూనె దానికి రాసినావేటే?"

"నా కాలికి రాత్తే ఏటవుద్దో తెలిసిపోయింది గదా తాతా. దాని కాలికి రాత్తే ఏటవుద్దో సూద్దామని."

తాత వెనక్కి తిరిగాడు. లోపలికెళ్ళి రోకలి తెచ్చాడు. అరుగు మీద కూర్చుని కుక్కని పిలిచాడు. అది తోకాడించుకుంటూ వచ్చి ఆయన ఒళ్ళో తల పెట్టింది. దాని తెలివి అంత.

అత్త వంటింట్లోంచి పరుగున వచ్చింది. "మావా! ఏటి సేత్తన్నావు?"

"సరిసేత్తన్నాను."

మేం పిల్లలం గోడవారగా నిలబడ్డాం. నీలు గడప దిగి, తన పద్ధతిలో నెమ్మదిగా వచ్చింది. ఆ నాలుగడుగులు రావడానికి దానికి పట్టినంతసేపూ తాత రోకలి ఎత్తి పట్టుకునే ఉన్నాడు. వచ్చి, ఏడవకుండా, అరవకుండా, కుక్క వెనకకాలు తీసి ఆయన మోకాలి మీద చాపింది.

"ఇక్కడ కొట్టు తాతా. ముందు ఇరిగింది ఇక్కడే. ఇంకోకాడ కొడితే రెండు సోట్ల అతుక్కోవాల, పాపం దానికి."

"మల్లీ నూనె రాత్తావేటి?"

"రాత్తాను. సీసాలో సగం ఉంది. నువ్వు ఇరగ్గొడతా ఉండు, నేను రాత్తా ఉంటాను. ఎవులు ముందు అలిసిపోతారో సూద్దాం."

కుక్క ఇదేదో కొత్త ఆటనుకుని రోకలిని నాకింది. తాత దానివంక చూశాడు, పిల్లవంక చూశాడు. రోకలి దించి అత్త చేతికిచ్చాడు.

"దీనికి కుక్క రగతం అంటితే నువ్వు మల్లీ పిండి కొట్టవు" అని లేచిపోయాడు.

మర్నాటి నుంచి తోటకి పోయే వరస మారింది. అంతకుముందు తాత కర్ర పట్టుకుని ముందు నడిచేవాడు, ఎలుగు తప్పుకోవాలని డబ్బా మోగిస్తూ. ఇప్పుడు డబ్బా నా చేతికిచ్చి, తను వెనక్కి పోయాడు. నీలు వెనక్కి. డెబ్బై దాటినా తాడిచెట్టులాంటి మనిషి, మామూలుగా నడిస్తే నేను పరిగెత్తాలి. అలాంటివాడు నీలు ఒక అడుగు వేస్తే తనూ ఒక అడుగు వేసి ఆగేవాడు. అది ముల్లు తీసుకోవడానికి ఆగితే ఈయన ఆకాశం చూస్తూ నిలబడేవాడు.

"ముందుకి నడు తాతా. ఎనకాల ఎవులో తరుముతున్నట్టుంది నాకు."

"నా కాళ్ళు, నా ఇష్టం."

"నీ కాళ్ళు బాగానే ఉన్నాయి గదా!"

"బాగున్న కాళ్ళు బాగానే వాడాలని రూలేటి?"

ఎలుగు వచ్చింది. అన్నేళ్ళు దానికోసం అంత ఏర్పాటు చేశాక రాకపోతే బాగుండదనుకుందేమో. పనసకాయలు ముగ్గుతున్న రోజులు. ఇసకదారికి రెండువైపులా మొగలికంచె, మధ్యలో మేం వరసగా పోతున్నాం. కుంటి ముందు పరిగెత్తుకుపోయింది. తోట మొదట్లో మొరుగు వినపడింది. తర్వాత మొరుగు ఆగింది. ఆ తర్వాత కుక్క మావైపు వస్తూ కనపడింది, చెవులు వెనక్కి పెట్టుకుని, బాగున్న కాలూ బాగాలేని కాలూ కలిపి. నాటువైద్యుడి గొప్పతనం ఆ రోజు పూర్తిగా బయటపడింది. దాని వెనకాల, తాత ఎప్పుడూ చెప్పినట్టే, చుట్టం.

గంపలు పారేసి పరిగెత్తాం. కుక్క మా అందర్నీ దాటేసింది. ఇల్లు ముందు చేరి మంచం కింద దూరింది కూడా అదే. నేను చూసింది అంతవరకే. మిగతాది నీలు చెప్పింది. కాబట్టి నమ్మొచ్చు. దానికి కథలు పెంచే అలవాటు లేదు.

నీలు వెనక్కి తిరిగేసరికి తాత ఎదురుగా ఉన్నాడు. ఇప్పుడు అందరూ వెనక్కి పరిగెడుతున్నారు కాబట్టి, ఆఖర్న ఉన్నవాడు మొదటివాడైపోయాడు. ఆ ఇద్దరిలో ఇంటికి దగ్గరగా ఉన్నది తాత, ఎలుగుకి దగ్గరగా ఉన్నది నీలు. ఇన్నాళ్ళ లెక్కలో ఈ చిన్న సంగతి ఆయనకి తట్టలేదు. మేం ఆ ఇద్దర్నీ తోసుకుంటూ దాటిపోయాక, తాత నీలుని దాటి ముందుకొచ్చాడట. దాని కాళ్ళవంక చూశాడు. తన కాళ్ళవంక చూసుకున్నాడు. చూసి, దారి మధ్యలో, ఇసకలో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎంత నెమ్మదైన మనిషైనా కూర్చున్నవాడికన్నా వేగమే కదా.

కూర్చుని ఎలుగుని తిట్టడం మొదలుపెట్టాడు. "థూ, నీ బతుకు సెడ! ఆ నడకేట్రా? దొడ్డికాళ్ళోడా! నీకన్నా మా గుంట నయం!" అని. నీలు ఇల్లు చేరేదాకా ఆ తిట్లు వినపడుతూనే ఉన్నాయట. అవి ఆగిపోయాక మాత్రం, అంతవరకు ఎప్పుడూ పడిపోని పిల్ల, పడిపోయింది.

ఊళ్ళో మగవాళ్ళు డబ్బాలు, కర్రలు పట్టుకుని పోయేసరికి ఎలుగు వెళ్ళిపోయింది. తాత మొహంలో కుడివైపు కూడా వెళ్ళిపోయింది. పలాసలో కట్టు కట్టి శ్రీకాకుళం పంపారు. శ్రీకాకుళంలో చూసి విశాఖ పంపారు. అక్కడ కొన్ని వారాలు ఉంచుకుని, ఉన్న చర్మాన్ని అటూ ఇటూ లాగి కుట్టి, ఇంటికి పంపారు. మిగిలింది ఒక కన్ను, సగం మూతి. మూతి కదలగానే అడిగిన మొదటి మాట: "ఆఖర్న ఎవులున్నారు?"

"నువ్వే నాన్నా" అంది మా అమ్మ, ఏడుస్తూ.

"అదీ. ఆఖర్నున్నోడినే పట్టుద్దని సెప్పలేదేటి?" అని, ఇక చాలన్నట్టు కన్ను మూసుకున్నాడు. మొహం పోయిందన్న బాధ కన్నా తన సూత్రం నిలబడిందన్న ఆనందమే ఎక్కువ కనపడింది. కనపడేంత మొహం మిగల్లేదు గానీ, మాకు తెలిసింది.

ఊరు ఆయన్ని దేవుణ్ణి చేసేసింది. ఎవరో పేపరు విలేకరి కూడా వచ్చి, మనవరాలి కోసం ప్రాణాలొడ్డిన తాత అని రాశాడు. అది చదివి వినిపిస్తే తాతకి కోపమొచ్చింది. నీలు వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నాకోసమే కూకున్నావంట గదా తాతా."

"ఎవడు సెప్పినాడు?"

"పేపర్లో ఏసినారు."

"పేపరోడు ఎలుగుతోపాటు వచ్చినాడేటి, సూడ్డానికి? మోకాలు పట్టీసినాది, కూకున్నాను. నీకోసం నేనెందుకు సత్తానే? సత్తే నా పాడె నువ్వు మోత్తావేటి? నువ్వు ఒక కొమ్ము పట్టుకుంటే నేను రేవుకి ఎల్లేలోగా దొర్లిపోతాను."

నీలు పడీపడీ నవ్వింది. అత్త లోపలికెళ్ళి ఏడ్చింది. మా ఇంట్లో పనులు అలా పంచుకునేవారు.

కుక్కని తరిమేస్తాడని అందరం అనుకున్నాం. అది ఎలుగుని వెంటబెట్టుకొచ్చిన సంగతి దానికి తప్ప అందరికీ తెలుసు. తాత దాన్ని తన ఒంటికంటితో కాసేపు చూసి, "ఇది ఇంకెందుకూ పనికిరాదు. పిల్లలకాడ ఉండనీ" అన్నాడు. అలా మా కుంటి చిట్టచివరికి ఏ పనీలేని కుక్కయింది, పేపర్లో ఫొటోలో ఉన్నదాన్లా. తలంటు మాత్రం లేదు.

తాత ఆ మొహాన్ని దాచుకోలేదు. వాడుకున్నాడు. అన్నం తినని పిల్లల్ని వీధిలో తల్లులు ఆయన దగ్గరికి తెచ్చేవారు. ఆయన తువ్వాలు తీసి చూపించేవాడు. పిల్లలు గబగబా తినేసేవారు. "మందు బాగా పనిసేత్తంది" అనేవాడు. తర్వాత కొన్నేళ్ళకి కాళ్ళు పొంగడం మొదలైంది. మా వైపు కాళ్ళు పొంగితే ఎవరూ ఎందుకని అడగరు, ఎప్పట్నుంచి అని అడుగుతారు. కిడ్నీలు. ఎలుగు వదిలేసిన మనిషిని ఊరి నీళ్ళు పట్టుకున్నాయి. కాళ్ళు చూసి మనుషుల్ని కొలిచిన మనిషి తన కాళ్ళు చూసుకుని, "ఇంక ఎవులైనా నన్ను దాటిపోవచ్చు" అన్నాడట, ఎవరితోనూ కాదు, గోడతో.

పోయాడని కబురు తెలిసినప్పుడు అందరూ ఎలుగు సంగతే చెప్పుకున్నారు. నాకు వేరే రోజు గుర్తొచ్చింది.

విశాఖ నుంచి వచ్చిన మరుసటి వేసవి అది. తాత మళ్ళీ తోటకి బయల్దేరాడు, ఎవరు వద్దన్నా వినకుండా. నీలుకి ఏదో క్యాంపులో ఇనప కడ్డీల బూటు ఇచ్చారు, అది టకటకమని నడుస్తోంది. కాస్త వేగం కూడా వచ్చింది. మేం ముందు పోయి పిక్కలు ఏరుతున్నాం. ఎంతకీ ఆ ఇద్దరూ రారు. గంపలు నింపుకుని తిరిగొస్తుంటే మొగలికంచె దగ్గర దారి మధ్యలో నిలబడి ఉన్నారు, ఒకరికొకరు ఎదురుగా. ఎవరు వెనక నడవాలో తేలక, ఇద్దరూ నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ పోయి, పూర్తిగా ఆగిపోయారు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేటి?" అంది అత్త, నెత్తిన గంపతో.

"ముందు ఇది నడవాల" అన్నాడు తాత.

"నువ్వే నడవాల. నీకు ఒంటికన్ను. ఎనకనుంచి ఏదొచ్చినా కనపడదు."

"నీకు రెండున్నాయిలే! సూసి ఏటి సేత్తావు? పరిగెడతావా?"

"కూకుంటాను" అంది నీలు.

తాత కర్ర ఎత్తాడు. కొడతాడనే అనుకున్నాం. కర్ర దించి, తిరిగి, ఇంటివైపు ముందుగా నడిచాడు. వెనకాల టకటకమని నీలు.

మర్నాటి నుంచి ఆయన తోటకి రావడం మానేశాడు. మేం వచ్చేవేళకి వీధిలో నిలబడి ఉండేవాడు. మాలో ఎవర్నీ పట్టించుకునేవాడు కాదు. నీలు వచ్చేదాకా ఆగి, రాగానే ఇంతసేపేటని దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, లోపలికి పోయేవాడు.